అమ్మ చూసిన పాము

నా చిన్నప్పుడు మస్కట్ అవతల ఈ మబేలా అంటే ఇసుక, ముళ్ళచెట్లు, అక్కడక్కడా చుట్టూ గోడ కట్టిన తోటలు. ఈ మాట చెబితే మా మనవరాలు కిటికీలోంచి బయటికొకసారి, నా మొహంలోకొకసారి చూసి నవ్వుతుంది. దాని తప్పేముంది? ఇప్పుడు మేముండే ఫ్లాటు చుట్టూ షాపులు, సైట్లు, డ్యూటీ దిగి రూములకు పోయే కుర్రాళ్ళు తప్ప ఇంకేమీ కనబడవు. అప్పట్లో మస్కట్ నుంచి ఇటు వచ్చామంటే ఊరొదిలేసి అడవిలో పడ్డట్టే. ఆ తోటల్లో ఒకదానికి మా నాన్న మాలీ. మాలీ అన్నది కాయితం మీద మాట. నిజానికి పంపు నడిపేదీ ఆయనే, చెట్లకు నీళ్ళు కట్టేదీ ఆయనే, గేటు దగ్గర కాపలా కూడా ఆయనే. మా అమ్మ ఆ తోట యజమాని ఇంట్లో వంటకు కుదిరింది.

గోదావరి జిల్లా నుంచి వెళ్ళిన మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఒకేచోట పని దొరకడం, పైగా పిల్లను వెంట ఉంచుకోనివ్వడం ఆ రోజుల్లో ఎవరూ విననిది. అంత దయ చూపించినవాడు పెద్ద అర్బాబు. అక్కడ యజమానిని అర్బాబు అంటారు. తెల్లగడ్డం, చేతికర్ర, మెత్తని మాట. నేను ఎదురుపడితే జేబులోంచి ఖర్జూరపండు తీసి నా చేతిలో పెట్టేవాడు, అది జేబులో ఎన్నాళ్ళనుంచి ఉందో ఆ దేవుడికే తెలియాలి. తోట మూలన మాకు రెండు గదులిచ్చాడు. ఆ గదుల వెనక మా అమ్మ గోంగూర, బెండ, తోటకూర వేసుకుంది. తక్కిన తోటంతా నిమ్మచెట్లు, గోడ వెంట ఖర్జూరపు చెట్లు, మేకలకు వేసే పచ్చగడ్డి.

మా ఇళ్ళలో ముందు ఫలానా ఆయన మంచివాడు అని చెప్పి, తర్వాత మెల్లగా తక్కినది చెబుతారు. నాకు ఆ ఓపిక లేదు. మా నాన్న కోపిష్టి. ఆయనకు చెయ్యి ముందు, మాట వెనక. తోటలో నీళ్ళు పెట్టే రబ్బరు పైపు ముక్క ఒకటి తలుపు వెనక మేకుకు వేలాడుతుండేది. అది ఎందుకు వేలాడుతుందో నాకు బాగా తెలుసు, నా పిక్కలకు ఇంకా బాగా తెలుసు. అర్బాబు ఇంటివాళ్ళ దగ్గర ఏ మాట పడ్డా ఆయన నోరు మెదిపేవాడు కాదు. తలవంచుకుని వచ్చేవాడు. గది గడప దాటాక ఆ పడ్డ మాటంతా మా అమ్మ వీపు మీదికో, నా పిక్కల మీదికో దిగేది. మంచివాడు కూడాను. నాకు జ్వరమొస్తే నన్ను ఛాతీ మీద పడుకోబెట్టుకుని తాను కదలకుండా కూర్చునేవాడు. రెండూ నిజమే.

ఆ ఏడు ఎండలు తగ్గి విత్తనాలు వేసుకునే కాలం వచ్చేసరికి నాకు చెవిలో చీము పట్టింది. పెద్ద అర్బాబు క్లినిక్‌కు పంపించి చుక్కల మందు ఇప్పించాడు. అయినా నేను ఏడుస్తూనే ఉన్నాను. ఈలోగా కార్తీకమాసం, నాగుల చవితి. మా అమ్మకు పుట్ట కావాలి. పుట్టలో పాలు పోసి, ఆ పుట్టమన్ను చెవికి రాస్తే చెవిపోటు పోతుందని మా వైపు నమ్మకం. కానీ ఆ ఇసకలో పుట్ట ఎక్కడ దొరుకుతుంది? తోటంతా తిరిగి తిరిగి, చివరికి పడమటి మూలన ఒక రేగుచెట్టు దగ్గర ఆగింది. దాన్ని అక్కడివాళ్ళు సిద్ర్ అంటారు గానీ చూడగానే మన రేగుచెట్టే. దాని మొదట్లో గాలికి పోగైన ఇసకా, కాలవలు తీసినప్పుడు పోసిన మట్టీ కలిసి నా నడుమెత్తు దిబ్బ అయింది. ఆ దిబ్బకు కన్నాలున్నాయి. మా అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని చేతులెత్తి దణ్ణం పెట్టింది. చలిమిడి, చిమ్మిలి, కోడిగుడ్డు, ఆవుపాలు దొరక్క డబ్బా పాలు, అన్నీ సమర్పించి ఆ కన్నం మూతి దగ్గరి మట్టి తీసి నా చెవి తమ్మెకు రాసింది.

కొన్నాళ్ళకు చెవి తగ్గింది. చుక్కల మందుకు తగ్గిందని నాన్న, పుట్టమన్నుకు తగ్గిందని అమ్మ. నా చెవి ఎవరి పక్షమూ చేరలేదు, తగ్గి ఊరుకుంది. అప్పటినుంచి మా అమ్మకు ఆ దిబ్బ గుడి అయిపోయింది. పొద్దున్నే దాని ముందు నీళ్ళు చల్లి, బియ్యప్పిండితో ముగ్గు పెట్టి, ఒక చలిమిడి ముద్ద కన్నం దగ్గర ఉంచి, అక్కడే గొంతుక్కూర్చుని మాట్లాడుకునేది. అత్తగారి మీద చాడీలు, నాన్న మీద ఫిర్యాదులు, పొలం కౌలు సంగతులు, అన్నీ ఆ కన్నంలోకే. ఆ తోటలో ఆమెతో తెలుగు మాట్లాడడానికి నేనూ నాన్నా తప్ప దిక్కులేదు. నాన్నతో మాట్లాడితే దెబ్బలు, నాతో మాట్లాడితే ఎదురు ప్రశ్నలు. పాపం నాగేంద్రస్వామి ఒక్కడే నోరు మూసుకుని వినేవాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే తోటలో కన్నాలు మొదలయ్యాయి. నిమ్మచెట్ల పాదుల్లో, కాలవ గట్ల మీద, పచ్చగడ్డి మడి చుట్టూ టీ గ్లాసు పట్టేంత బొరియలు. ప్రతి బొరియ ముందూ చేటతో చెరిగి పోసినట్టు మెత్తటి ఇసక. బెండ మొలకలు మొదలంటా కొరికేసి ఉండేవి. అంతకంటే పెద్ద నష్టం నీళ్ళది. నాన్న పాదుకు నీళ్ళు కడితే అవి పాదులో నిలవకుండా గుడగుడమంటూ బొరియలోకి దిగిపోయి, ఎక్కడో గోడ అవతల తేలేవి. చెట్టు మాత్రం ఎండిపోయేది. ఆ ఎడారిలో నీళ్ళు పారబోయడమంటే అన్నం పారబోయడం కంటే పెద్ద పాపం.

పందికొక్కులని నాన్న తేల్చేశాడు. మన దేశంలో పెరట్లో కన్నం కనిపిస్తే ఎవరైనా అదే అంటారు. కాదని చెప్పినవాడు కరీంనగర్ మామయ్య. ఆయన మాకు చుట్టం కాదు. దగ్గర్లో ఒక బిల్డింగు సైట్‌లో మేస్త్రీ కింద పనిచేసేవాడు, శుక్రవారం సెలవు కాబట్టి మా అమ్మ చేపల పులుసు కోసం నడిచి వచ్చేవాడు. వాళ్ళ జిల్లా పేరే నేను ఆయనకు పెట్టేసుకున్నాను. నాన్న పారతో కొట్టి చంపిన జంతువును తోక పట్టి ఎత్తి చూసి, "పందికొక్కు గాదన్నా ఇది. పందికొక్కు బొక్క గింత సన్నగుంటదా? తోక సూడు, కొనకు కుచ్చున్నది" అన్నాడు. నిజమే. ఇసక రంగు ఒళ్ళు, పెద్ద నల్లటి కళ్ళు, పొడుగాటి వెనక కాళ్ళు. ఆ కాళ్ళ మీద లేచి నిలబడి చుట్టూ చూసేవి. అక్కడివాళ్ళు వాటిని జర్బూ అనేవాళ్ళు. చూడ్డానికి ముద్దొచ్చేవి గానీ చేసేవన్నీ దొంగ పనులు.

పేరు ఏదైతేనేం, చంపాల్సిందేనని నాన్న పట్టు. గోదావరి వైపు వరిచేలల్లో ఎలుకలు పట్టేవాళ్ళు కుండకు వెనక చిన్న కన్నం పెట్టి, లోపల గడ్డి కుక్కి నిప్పంటించి, కుండ మూతిని కలుగుకు ఆనించి ఊదుతారు. నాన్నకు కుండ దొరకలేదు. పెయింటు డబ్బా తెచ్చాడు. గడ్డికి తోడు మా అమ్మ దాచుకున్న ఎండుమిరపకాయలు గుప్పెడు వేశాడు. ఊదిందే ఊదాడు, కళ్ళు చింతనిప్పులయ్యాయి. ఒక్క జర్బూ కూడా రాలేదు. కాసేపటికి మా గదిలోంచి అమ్మ దగ్గుతూ, తుమ్ముతూ, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని పరుగెత్తుకొచ్చింది. బొరియ మా గది పునాది కిందికి పోయిందట, మిరపకాయల పొగంతా గోడ వార పగులులోంచి గదిలోకి వచ్చేసింది. నేను పకపకా నవ్వాను. పైపు ముక్క దిగింది. ఆ రాత్రి నేను బోర్లా పడుకున్నాను.

మరుసటి శుక్రవారం కరీంనగర్ మామయ్య పద్ధతి చెప్పాడు. కనబడిన కన్నమల్లా సాయంత్రం తడిమట్టితో మూసెయ్యాలి. తెల్లవారి చూస్తే లోపల ఎవరైనా ఉన్నది మళ్ళీ తెరుచుకుని ఉంటుంది, పాడుబడ్డది మూసినట్టే ఉంటుంది. బతికున్న దానికి వెనక దొంగదారి ఒకటి ఉంటుంది, దాన్ని పైన పల్చగా ఇసకతో కప్పి ఉంచుతాయి. ఆ దారి కనిపెట్టకుండా పొగ పెట్టినా, నీళ్ళు పోసినా గాలికి కొట్టినట్టేనన్నాడు. ఆయన చెప్పినట్టే చేశారు. ఒకవైపు నీళ్ళు పోయడం, రెండోవైపు కర్ర పట్టుకుని నిలబడడం. తడిసి, గుడ్డిగా పైకొచ్చిన దాన్ని వచ్చినట్టే కొట్టడం. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది, తడిబట్టను బండకేసి కొట్టినట్టు ఉండేది. నాన్న మొహం చూస్తే ఎలుకల్ని చంపుతున్నట్టు లేదు. ఆయన నోటితో అనలేని మాటలన్నీ ఆ కర్ర అంటున్నట్టుండేది. నాకు వాటిమీద జాలి కంటే నాన్న మీద భయం ఎక్కువగా వేసింది.

ఇంత చంపినా నీళ్ళు నిలవలేదు. మిగిలినవన్నీ ఎక్కణ్ణుంచి వస్తున్నాయో వెతుక్కుంటూ నాన్న ఒకరోజు రేగుచెట్టు దగ్గరికి వచ్చాడు. దిబ్బ నిండా కన్నాలే. గునపం ఎత్తాడు. మా అమ్మ ఎక్కడ చూసిందో, చేతిలో అట్లకాడతో పరుగెత్తుకొచ్చి దిబ్బకు అడ్డంగా నిలబడింది. దెబ్బ పడింది. కదల్లేదు. రెండోది పడింది. అయినా కదల్లేదు. "నా పిల్ల చెవి నిలబెట్టిన చోటు. ఇక్కడ గునపం దించాలంటే ముందు నా మీద దించండి" అంది, కేకలు పెట్టకుండా, కూర వండానండీ అన్నంత మామూలుగా. నాన్న గునపం పారేసి వెళ్ళిపోయాడు. మా అమ్మ చెంప మీద వేళ్ళ అచ్చులు రెండు రోజులున్నాయి. మా అమ్మ మాత్రం ఆ చెంపతోనే పొద్దున్నే ముగ్గు పెట్టుకుంది. నాకు నాన్న మీద ఎంత కోపమొచ్చిందంటే, ఆ పుట్టలో పాము నిజంగా ఉంటే బయటికొచ్చి ఆయన్ని కరవాలని దణ్ణం పెట్టుకున్నాను.

ఈలోగా పెద్ద అర్బాబు జబ్బుపడి ఆసుపత్రిలో చేరాడు. తోట బాధ్యత కొడుకు మీద పడింది. చిన్న అర్బాబు అంటే అప్పటికి పాతికేళ్ళు కూడా ఉండవేమో. మస్కట్‌లో ఏదో ఆఫీసులో ఉద్యోగం, తెల్లటి బట్టలు, నున్నగా దువ్విన గడ్డం. దుర్మార్గుడని అనను. ఆ నిమ్మచెట్లు వాళ్ళమ్మ తన చేత్తో నాటినవి. ఆమె పోయింది. ఇటు తండ్రి మంచం మీద, అటు తల్లి చెట్లు ఎండిపోతున్నాయి. తోటకు వచ్చినప్పుడల్లా ఆ ఎండుకొమ్మలు విరిచి చూసి, నాన్నతో కసురుగా మాట్లాడి వెళ్ళేవాడు. నాన్న తలవంచుకుని వినేవాడు. ఆ సాయంత్రాలు మేం అమ్మా కూతుళ్ళం గదిలో ఒక మూలకు చేరి ఉండేవాళ్ళం.

ఆ రోజు పొద్దున్నే వచ్చాడు చిన్న అర్బాబు. పంపు నడుస్తోంది, కాలవ నిండుగా పారుతోంది, చెట్ల పాదులు మాత్రం పొడిగా ఉన్నాయి. నీళ్ళు ఎటు పోతున్నాయో చూస్తానని కాలవ వెంటే నడిచాడు. నాన్న భుజాన గునపం పెట్టుకుని వెనకే నడిచాడు. అలా నడిచి నడిచి రేగుచెట్టు దగ్గరికి వచ్చారు. అక్కడ నేను అమ్మకు పసుపూ కుంకుమా అందిస్తూ దిబ్బను ఆనుకుని నిలబడి ఉన్నాను. అమ్మ అప్పుడే చలిమిడి ముద్ద పెట్టింది. ఆవేళ మంగళవారం కాబట్టి గుడ్డు కూడా పెట్టింది.

చిన్న అర్బాబు ఆ ముద్దను చూశాడు, గుడ్డును చూశాడు, కన్నాలను చూశాడు. అతని మొహం ఎర్రబడింది. "తుమ్ ఇన్ కో ఖానా దేతా?" అన్నాడు నెమ్మదిగా. వీటికి మీరే తిండి పెడుతున్నారా అని. అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. ఇటు నాన్న కర్రతో చంపుతుంటే అటు అమ్మ బియ్యప్పిండీ బెల్లమూ పెట్టి పెంచుతోంది. ఈ పని మనవాళ్ళు తప్ప ఇంకెవరైనా చేస్తారా? అయినా అతనికి నాగుల చవితి ఏం తెలుస్తుంది, మా అమ్మ చెంప మీది అచ్చులు ఏం తెలుస్తాయి. కాలు ఎత్తి ఆ ముద్దనూ గుడ్డునూ కుంకుమ పళ్ళేన్నీ ఒక్క తన్ను తన్నాడు. కుంకుమ అతని చెప్పుల మీద పడింది. మా అమ్మ కెవ్వుమంది.

నాన్న ఒక అడుగు ముందుకు వేశాడు. చిన్న అర్బాబు ఆయన ఛాతీ మీద చెయ్యి వేసి నెట్టాడు. "ఖలాస్. వీసా క్యాన్సిల్" అన్నాడు. నాన్న వెనక్కి తూలి కాలవలో పడ్డాడు. పెళ్ళాం ముందు, కూతురి ముందు, వెల్లకిలా, బురదలో పడ్డాడు.

లేచాడు. ఆయన మొహంలో కోపం ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. కోపం నాకు అలవాటే. ఆ మొహంలో ఏమీ లేదు. కడిగేసిన పలకలా ఉంది. బురద కారుతున్న చేతులతో గునపం అందుకుని తలమీదికి ఎత్తాడు. చిన్న అర్బాబు వెనక్కి జరగబోయాడు, వెనక రేగుచెట్టు ఉంది, దారి లేదు. అర్బాబు మీద చెయ్యి చేసుకున్నవాడు ఏమవుతాడో తోటల్లో పెరిగే పిల్లలకు కూడా తెలుసు. అది వట్టి చెయ్యి అయితే జైలు. గునపమైతే ఇక ఆ మనిషి పేరు కూడా ఎవరూ ఎత్తరు.

మా అమ్మ వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకోలేదు. పట్టుకుంటే విదిలించి పారేసేవాడు, అది మా అమ్మకు తెలుసు. కాళ్ళు పట్టుకోలేదు. వద్దండీ అని అరవలేదు. నా వైపు వేలు చూపించి ఒక్క గావుకేక పెట్టింది.

"పాము! ఏవండీ, పిల్ల కాళ్ళ దగ్గర పాము!"

ఆ వెంటనే హిందీలో సాంప్ సాంప్ అంది, అరబ్బీలో హయ్యా అంది, పుట్టలోకి దూరుతోంది కొట్టండి అంది. ఎత్తిన గునపం గాల్లోనే మలుపు తిరిగింది. నాన్న ఒక్క దూకు దూకి నన్ను ఎడమచేత్తో లాగి అవతలికి విసిరేశాడు. కుడిచేత్తో గునపం దించాడు. నిన్నటిదాకా అమ్మ ఎవరి కాలూ తగలనివ్వని ఆ దిబ్బ మీదే దించాడు.

తర్వాత జరిగింది కళ్ళతో చూడగూడనిది. గునపం దిగిన చోటల్లా దిబ్బ కుప్పకూలింది. లోపల పాము లేదు, జర్బూలు. ఒకదాని వెంట ఒకటి, కన్నంలోంచి, పక్క కన్నంలోంచి, కూలిన మట్టిలోంచి బయటికి చిమ్మాయి. నాన్న వాటిని చూస్తున్నాడో పామును వెతుకుతున్నాడో తెలియదు, కొడుతూనే ఉన్నాడు. ఒకటి చిన్న అర్బాబు పాదం మీదుగా పాకింది. అతనూ కేకపెట్టి, పక్కనే పడి ఉన్న పార అందుకున్నాడు. ఇక ఇద్దరూ పక్కపక్కన నిలబడి కొట్టడమే. ఒకాయన తెలుగులో తిడుతున్నాడు, ఇంకొకాయన అరబ్బీలో తిడుతున్నాడు. ఎవర్ని తిడుతున్నారో వాళ్ళకే తెలియాలి. రక్తం తెల్లబట్టల మీద చిందింది. నలిగిన ఎలుకలు ఇంకా కాళ్ళు కొట్టుకుంటున్నాయి. కళ్ళు తెరవని పిల్లలు ఎర్రటి వేళ్ళలా మట్టిలో కదులుతుంటే పార వాటి మీద కూడా పడింది. నేను మొహం తిప్పుకుని కక్కుకున్నాను. మా అమ్మ మాత్రం తలతిప్పలేదు. కొట్టండి, అదిగో అటు, ఇదిగో ఇటు అని చెబుతూనే ఉంది. కొట్టడానికి ఏమీ మిగలకపోయాక కూడా వాళ్ళిద్దరూ కాసేపు ఉత్త మట్టినే కొట్టారు.

చివరికి చేతులు పడిపోయాయి. చిన్న అర్బాబు పార వదిలేసి గట్టుమీద కూలబడ్డాడు. నాన్న గునపం నేలకు గుచ్చి దాని మీద వాలి రొప్పుతున్నాడు. దిబ్బ నేలమట్టమైంది. దాని లోపల మా అమ్మ పెట్టిన చలిమిడి, రాలిన నిమ్మపూలు, బెండగింజలు పోగుపోసి ఉన్నాయి. పాము ఏదని చిన్న అర్బాబు హిందీలో అడిగాడు. గోడ దాటి పోయిందని మా అమ్మ అతని కళ్ళలోకి చూస్తూ చెప్పింది. అతను గోడ వైపు చూడలేదు. నాన్న చేతిలో గునపాన్ని చూశాడు, బురద ఆరుతున్న నాన్న మొహం చూశాడు, మళ్ళీ అమ్మను చూశాడు. అతనికి అర్థమైందని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

అమ్మ లోపలికి పోయి ఒకే పళ్ళెంలో రెండు గ్లాసుల మంచినీళ్ళు తెచ్చి, ఇద్దరి మధ్యా పెట్టింది. ఎవరి చేతికీ ముందుగా ఇవ్వలేదు. ఇద్దరూ ఒకేసారి చెయ్యి చాపారు. చిన్న అర్బాబు తాగి, లేచి, బట్టలకున్న నెత్తురు చూసుకుని, నిమ్మచెట్లకు ఇంకోసారి నీళ్ళు కట్టమని చెప్పి వెళ్ళిపోయాడు. క్యాన్సిల్ మాట ఆ రోజూ మళ్ళీ ఎత్తలేదు, తర్వాతా ఎత్తలేదు. నాన్న సాయంత్రందాకా నీళ్ళు కట్టాడు. పాదుల్లో నీళ్ళు నిలిచాయి.

చచ్చినవాటన్నిటినీ తట్టలోకి ఎత్తి గోతిలో వేసి పూడ్చింది అమ్మే. నేను పక్కన నిలబడి, పాము ఏ రంగులో ఉందమ్మా, నాకు కనబళ్ళేదే అని అడిగాను. అమ్మ మట్టి తోస్తూ చెప్పింది.

"పాము ఎక్కడిదే పిచ్చిదానా. రోజూ ముగ్గులో పడేవి బుల్లి బుల్లి అడుగులే కదా. పాముకి అడుగులుంటాయా?"

అన్నీ తెలిసే పాలు పోసిందా? అన్నీ తెలిసే దెబ్బలు తిందా? అది పైకే అడిగేశాను. ఆ కన్నంలో ఎవరో ఒకరున్నారనుకుంటే పొద్దు గడిచేదని చెప్పింది. ఎలకలని తెలిసినా, మాట్లాడ్డానికి కూర్చునేటప్పుడు స్వామే అనుకునేదట. మరి అలాంటి చోటును నువ్వే దగ్గరుండి ఎందుకు కొట్టించావని నేను వదలకుండా అడిగాను. అమ్మ చేతులు దులుపుకుని నా జుట్టు సవరించింది. ఆ చేతులకు మట్టి వాసన, నెత్తురు వాసన.

"లేచిన చెయ్యి ఉత్తినే దిగదమ్మా. ఎక్కడో ఒకచోట పడి తీరాలి. దేవుడైతే ఓర్చుకుంటాడు. ఆ కుర్రాడి తల ఓర్చుకోదు, మీ నాన్న జైలూ మనం ఓర్చుకోలేం" అంది.

అని గోతి పక్కన కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మొగుడు నిలిచాడని ఏడ్చిందో, గుడి పోయిందని ఏడ్చిందో నాకు తెలియలేదు. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను. అంత తెలివైన మనిషి ప్రపంచంలో ఇంకెవరూ లేరనిపించింది, అంత ఒంటరి మనిషి కూడా లేదనిపించింది.

నాన్న ఆ రోజుతో మారిపోయాడని చెబితే వినడానికి బాగుంటుంది. మారలేదు. పైపు ముక్క ఇంకో రెండేళ్ళు మేకుకే ఉంది. పాము సంగతి మాత్రం ఆయన ఎప్పుడూ అడగలేదు. మర్నాడు చెప్పకుండా చెయ్యకుండా పార తీసుకుపోయి రేగుచెట్టు మొదట్లో మట్టి తిరిగి పోశాడు, చేత్తో చదును చేశాడు. అమ్మ ఆ మట్టిలో మళ్ళీ పాలు పోయలేదు. పెద్ద అర్బాబు కోలుకుని ఇంటికి వచ్చాడు. మేం ఆ తోటలో చాలా ఏళ్ళు బతికాం. నేను అక్కడినుంచే బడికి పోయాను, అక్కడినుంచే పెళ్ళయి రాజమండ్రి పోయాను.

ఇప్పుడు నాకు మనవరాలుంది, ఇద్దరు కొడుకులున్నారు, ఇద్దరిదీ తాతగారి కోపం. వాళ్ళ ఉద్యోగాలు నన్ను మళ్ళీ ఇదే మబేలాకు తెచ్చాయి, అందరం ఒకే ఫ్లాటులో ఉంటున్నాం. మొన్న వేసవిలో కారు తాళం దగ్గర మొదలైన మాట ఎక్కడికో పోయింది. పెద్దవాడు ఇనుప స్టూలు ఎత్తాడు. చిన్నవాడి వెనక గోడ, కదలడానికి చోటు లేదు. ఇద్దరి మొహాల్లోనూ ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం ఎక్కడ చూసినా నేను గుర్తుపడతాను. మధ్యలోకి వెళ్ళలేదు. వద్దురా అని అనలేదు. వంటింట్లోకి పోయి నా ఆవకాయ జాడీ ఎత్తుకొచ్చాను. నా పెళ్ళికి అమ్మ ఇచ్చినది. రాజమండ్రి నుంచి విమానంలో ఒడిలో పెట్టుకుని తెచ్చుకున్నది. ప్రతి ఏడూ నా చేత్తో తుడిచి, ఎండబెట్టి, నింపుకున్నది. దాన్ని నెత్తిదాకా ఎత్తి, ఇద్దరి కాళ్ళ ముందు నేలకేసి కొట్టాను. హాలంతా ఎర్రనూనె, పెంకులు. అమ్మా నీ కాళ్ళకు గుచ్చుకుంటాయి కదలకు అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. స్టూలు కిందికి దిగింది, నన్ను ఎక్కించి నిలబెట్టడానికి. ఆనక ఇద్దరూ వంగి పెంకులు ఏరారు.

జాడీ మళ్ళీ కొనలేదు. ఆవకాయ ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బాలోనే పెడుతున్నాను. రుచి తగ్గిందని ఇద్దరు కొడుకులూ పక్కపక్కన కూర్చుని తింటూ సణుగుతారు.